నిద్రగన్నేరు మీద చుక్కల జీరంగి

ఒక మనిషి ఎలా చనిపోయాడో తేల్చే విచారణలో నేను ఒక పురుగు తరఫున సాక్ష్యం చెప్పాను. చెట్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు, మీ ఉద్యోగంలో మరిచిపోలేనిది ఏమిటని అడిగినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. చెప్పడానికి మనసొప్పక ఇంకేదో చెప్పి దాటేసేవాణ్ణి. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఎవరి పేరూ ఎత్తకుండా, జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాది శ్రీకాకుళం వైపు. అగ్రికల్చర్ చదివి, పురుగుల మీద పరిశోధన చేయడానికి సింగపూర్ వెళ్ళాను. అది పూర్తయ్యేసరికి అక్కడ నా అవసరం ఎవరికీ ఉన్నట్టు కనిపించలేదు. వైటూకే గండం గట్టెక్కిన కొత్త అది. విమానం దిగిన ప్రతి తెలుగు కుర్రాడూ కంప్యూటర్ ముందు కూర్చోవడానికే దిగేవాడు. ఆదివారం ఎవరింట్లోనైనా భోజనాలకు కలిస్తే మొదటి ప్రశ్న, "మీరు జావానా, మెయిన్‌ఫ్రేమా?" "చెట్లండీ" అనేవాణ్ణి. ఒకాయన అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుని, దానికి మార్కెట్ ఎలా ఉందని అడిగాడు.

చెట్ల బాగోగులు చూసే ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో చివరికి ఉద్యోగం దొరికింది. యజమాని అరవై దాటిన చైనీయుడు. అందరం ఆయన్ని తౌకే అనేవాళ్ళం, అంటే షావుకారు అని. మాట తక్కువ, కోపం తక్కువ, ధైర్యం అంతకంటే తక్కువ. ఏ చెట్టుకు ఏ జబ్బు ఉందో చూసి చెప్పడం నా పని. ఆ తర్వాత కొమ్మలు కొట్టడమో, చెట్టునే నరికి దించడమో మిగతా వాళ్ళు చేసేవారు.

వాళ్ళ మేస్త్రీ తెలుగువాడే, కానీ మాలాంటి తెలుగువాడు కాదు. ఆయన తాత విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వెళ్ళాడట. మూడు తరాలుగా ఇంట్లో మాట్లాడుకుంటూ నిలబెట్టుకున్న తెలుగు ఆయనది. మధ్యమధ్య అరవం, మలాయ్ దొర్లేవి. మొదటిరోజు నేను అలవాటు కొద్దీ అంకుల్ అంటే నొచ్చుకున్నాడు.

"అంకులేటి తమ్ముడూ. అందరూ అంకుల్‌లే ఈ ఊళ్ళో. టాక్సీవోడు అంకులే, కాఫీ షాపువోడు అంకులే. నీవు నన్ను మావా అను. నన్ను అలా పిలిచినవోడు సచ్చిపోయి పదేళ్ళయింది."

అప్పటినుంచి ఆయన నాకు మావయ్యే. యాభై దాటినా తాడు వేసుకుని చెట్టెక్కితే కింద నుంచి చూసేవాళ్ళకు అది పెద్ద పనిలా అనిపించేది కాదు. మొండివాడు కూడా. హెల్మెట్ పట్టీ బిగించుకోమంటే గెడ్డం దురదని వదులుగా వేసుకునేవాడు. నేను వద్దన్న చెట్టు మాత్రం ఎక్కేవాడు కాదు. "నీవు సదువుకున్నది ఇందుకే కదా" అని నవ్వి దిగిపోయేవాడు.

ఆ రోజుల్లో చాంగీ వైపు బిజినెస్ పార్కులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్ద భవనం కట్టింది. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళు వస్తారు, ఫొటోలు తీస్తారు. అంత అద్దాల మేడ ముందు మోకాలెత్తు మొక్కలుంటే బాగుండదనుకున్నారు. ఎక్కడో రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేయబోతున్న నిద్రగన్నేరు చెట్లను వేళ్ళతో పెకలించి, ట్రెయిలర్ల మీద తెచ్చి వరుసగా నాటించారు. సింగపూర్‌లో అది వింతేమీ కాదు. కానీ అంత చెట్టును కదిలించాలంటే ముందు నెలల తరబడి తయారు చేయాలి. చుట్టూ కొంచెం కొంచెంగా వేళ్ళు కోస్తూ, కొత్త వేళ్ళు పుట్టేదాకా ఆగుతూ పోవాలి. వీటికి ఆ వ్యవధి ఇవ్వలేదు. నాటినవాళ్ళు నాటి వెళ్ళిపోయారు. చూసుకునే కాంట్రాక్టు మాకు వచ్చింది.

అది మాకు ఇప్పించింది ఆ భవనం పనులు చూసే మేనేజరు. కృష్ణా జిల్లా ఆయన, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. ఆయన్ని దుర్మార్గుడిగా చూపించాలని నాకు లేదు. మా ఆవిడకు డెంగీ జ్వరం వచ్చినప్పుడు తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, సాయంత్రం దాకా మాతో కూర్చున్న మనిషి ఆయన.

కొద్ది నెలలకు ఆ చెట్లు పైనుంచి పలచబడటం మొదలైంది. వరుసలో చివరిది మరీ కనిపించేలా ఎండుతోంది. ఎండపడే పక్క బెరడు మీద, ఒక వైపు నొక్కేసిన గుండ్రం ఆకారంలో చిన్న రంధ్రాలు కనిపించాయి. చాకుతో బెరడు లేపాను. కింద మెలికలు తిరిగిన దారి, ఆ దారి నిండా మెత్తగా కూరిన చెక్కపొట్టు. దారి చివర తెల్లటి పురుగు. కాళ్ళు లేవు. తల దగ్గర వెడల్పుగా చదునుగా, వెనక సన్నగా, గుర్రపు నాడాకు కొట్టే మేకులా ఉంది.

నాలుగు రోజుల తర్వాత పెద్ద పురుగే దొరికింది. మధ్యాహ్నం ఎండలో మాను మీద కూర్చుని ఉంది. నల్లబడిన రాగి రంగు, రెక్కల మీద పచ్చ కలిసిన బంగారు చుక్కలు. పట్టుకోబోతే చచ్చినట్టు కింద రాలిపోయింది. అరచేతిలో పెట్టుకుని మావయ్యకు చూపించాను.

"ఇది జీరంగి కాదా? మా మామ్మ సెప్పేది. ఇండియాలో పిల్లలు అగ్గిపెట్టెలో దాసుకుంటారంట కదా. ఇంత అందంగా ఉంటాదా?"

"దాని జాతే మావా. ఇది చుక్కల రకం. దీని పిల్లలు కర్ర తొలిచి బతుకుతాయి."

ఈ పురుగు గురించి ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు బెరడులోకి ఈ పిల్ల పురుగు దూరితే చెట్టు తన జిగురుతో ముంచి దాన్ని చంపేస్తుంది. వేళ్ళు తెగి, నీరందక, ఎండకు కమిలిన చెట్టుకు ఆ శక్తి ఉండదు. తల్లి పురుగు అటువంటి చెట్టునే వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది. ఫలానా చెట్టు చావబోతోందని మనకంటే ముందు దానికి తెలుస్తుంది.

ఆ వారంలోనే, హాకర్ సెంటర్లో, అదే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే షెడ్డులో, మకాన్‌కు కూర్చున్నప్పుడు మావయ్య ఒక కబురు చెప్పాడు. అక్కడ అన్నం తినడాన్ని అందరూ మకాన్ అనే అంటారు. ఆయన ఒక్కగానొక్క కూతురు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చదువు పూర్తి చేసింది.

"మీ ఊరి మేనేజరు సారు మాట ఇచ్చేసినాడు తమ్ముడూ. పాపకి ఆ కంపెనీలోనే పని ఇప్పిత్తానన్నాడు. వచ్చే నెల ఇంటర్వ్యూ. మా తాత రబ్బరు గీసినాడు, మా అయ్యా గీసినాడు, నాను సెట్టెక్కినాను. పాప ఏసీలో కూసుంటాది."

నాకూ సంతోషమే అయింది. ఆ పూట టీ నేనే తెచ్చి ఇచ్చాను.

పురుగు సంగతి తేల్చడానికి తౌకేనూ మేనేజరునూ ఆ చివరి చెట్టు కిందే నిలబెట్టి మాట్లాడాను. ఈ చెట్టు బతకదు, దించెయ్యాలి, పైకి ఎవరూ ఎక్కకూడదు, ఏ కొమ్మ లోపల ఎంత మిగిలిందో బయట నుంచి చూసి చెప్పలేము, బుట్ట ఉన్న లిఫ్టు బండి తెచ్చి పక్కనుంచి కోయాలి అన్నాను.

మేనేజరు తల పట్టుకున్నాడు. "మాస్టారూ, ఆ బండి బరువు ఎంతో తెలుసా మీకు? కొత్తగా పరిచిన గ్రానైటు మొత్తం పగిలిపోద్ది. ఓపెనింగ్ ముందు ఆ రాళ్ళు నేనెక్కణ్ణుంచి తేను? ఎండు కొమ్మలు నాలుగు తీసేయించండి, పచ్చగా ఉన్నది ఉంచండి. ఫంక్షన్ అయిపోయాక మీ ఇష్టమొచ్చినట్టు కొట్టుకోండి."

"ఎండు కొమ్మలు తీయాలంటే మనిషి ఎక్కాలి కదండీ. ఎక్కించకూడదనే చెబుతున్నా."

"సరే, అసలా పురుగు పేరేంటి? పేరు కూడా తెలియని పురుగు కోసం చెట్టు కొట్టేయమంటే పైవాళ్ళకి నేనేం చెప్పను?"

జాతి తెలుసు గానీ, సరిగ్గా ఏ రకమో నాకు అప్పటికి తెలియదు. అదే చెప్పాను. ఆయన తౌకే వైపు తిరిగాడు. తౌకే చెట్టునీ గ్రానైటునీ మార్చి మార్చి చూశాడు. "వెయిట్ కెన్ ఆర్ నాట్?" అని నన్నడిగాడు. ఆగడానికి అభ్యంతరం లేదు, ఎక్కడానికే అభ్యంతరం అన్నాను. "ఓకే లా. పేరు కనుక్కో. తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పురుగును సీసాలో వేసుకుని, ఊరికి ఆ చివరనున్న యూనివర్సిటీకి బయలుదేరాను. నాకు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ దగ్గర పోల్చి చూసుకునే నమూనాలు ఉన్నాయి. వెళ్ళే ముందు మావయ్యకు ఫోన్ చేసి, "ఆ చివరి చెట్టు జోలికి వెళ్ళకు మావా" అన్నాను. "నాకేటి పని. అవతల బ్లాకులో గడ్డి కాడ ఉన్నాం" అన్నాడు.

ప్రొఫెసరూ నేనూ భూతద్దం కింద ఆ చుక్కలు లెక్కపెడుతూ ఉండగా తౌకే ఫోన్ వచ్చింది. ఆయన ఇంగ్లీషు మామూలుగానే ముక్కలుగా ఉంటుంది. ఆ రోజు ముక్కలు కూడా కలవలేదు. మావయ్య పడిపోయాడన్నది మాత్రం అర్థమైంది.

నేను వెళ్ళేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది. పనివాళ్ళు గట్టు మీద వరుసగా కూర్చుని ఉన్నారు. విరిగిన కొమ్మ గ్రానైటు మీద పడి ఉంది. నా నడుమంత లావు కొమ్మ. పైకి ఏ లోపమూ కనబడదు, ఆకులు కూడా కొన్ని పచ్చగానే ఉన్నాయి. మాను దగ్గర విరిగిన చోట మాత్రం బెరడు కింద చుట్టూ పురుగు దారులే. వాటి వెనకే బూజు దూరి కర్రను అటుకుల్లా చేసేసింది. మావయ్య తన తాడు ఆ కొమ్మకే వేసుకున్నాడు. ఎక్కడో ఒకచోట వేసుకోవాలి కదా. ఉన్నవాటిలో గట్టిగా కనిపించింది అదే.

ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు.

ఏం జరిగిందో మావయ్యతో పనిచేసే బంగ్లాదేశ్ మనిషి చెప్పాడు. ఆ ఉదయం పెద్దవాళ్ళెవరో ముందుగా చూసుకోవడానికి వచ్చారు. ఎండు కొమ్మలేమిటని అడిగారు. వాళ్ళు లోపలికి వెళ్ళగానే మేనేజరు అవతల బ్లాకుకు వచ్చి మావయ్యను పక్కకు పిలిచాడు. తెలుగులో మాట్లాడుకున్నారు కాబట్టి ఏమన్నదీ అతనికి తెలియదు. మావయ్య కాసేపు తల అడ్డంగా ఊపాడు. తర్వాత మేనేజరు ఇంకేదో అన్నాడు. మావయ్య వచ్చి తాడు తీసుకున్నాడు. "పోకోదా ఏరప్పోరేన్" అని మలాయ్, అరవం కలిపి నవ్వాడట, చెట్టేగా ఎక్కుతున్నాను అని.

ఆ 'ఇంకేదో' ఏమిటో నాకు చెప్పాల్సిన పని ఎవరికీ లేకపోయింది. నాకు తెలిసిపోయింది.

మూడో రోజు మేనేజరు మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది, నిద్ర లేదని తెలుస్తూనే ఉంది. మా ఆవిడ కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"ఎంక్వయిరీ ఉంటది మాస్టారూ. మిమ్మల్ని పిలుస్తారు. మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. పురుగు గురించి చెప్పండి చాలు. కొత్త పురుగు, పేరు కూడా ఎవరికీ తెలియదు, లోపల్లోపల తినేసింది, పైకి కనపడలేదు. ఇందులో అబద్ధం ఏమన్నా ఉందా?"

"ఎక్కొద్దని చెప్పానండీ నేను."

"చెప్పారు. నేను కాదనట్లా. కానీ అది చెబితే ఎవరికి లాభం? పోయిన మనిషి వస్తాడా? మీ తౌకే మునుగుతాడు, నేను మునుగుతాను. మీ వర్క్ పాస్ రెన్యువల్ కూడా దగ్గరకొచ్చినట్టుంది కదా. ఆలోచించుకోండి."

బెదిరిస్తున్నట్టు లేదు. నిజంగానే నా మేలు కోరి చెబుతున్నట్టు ఉంది. అందుకే ఇప్పటికీ ఆ మాటలు గుర్తున్నాయి. ఆయన వెళ్ళాక మా ఆవిడ కాఫీ కప్పు తీస్తూ, "ఏం చేస్తావు?" అంది. తెలీదన్నాను. "ఇంటికెళ్ళిపోయినా అన్నం దొరుకుతుందిలే" అంది. అంతకు మించి మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు.

విచారణకు ముందు యీషున్‌లో మావయ్య ఫ్లాటుకు వెళ్ళాను. కూతురు బయటకు వెళ్ళింది. అత్త ఒక్కతే ఉంది. మేనేజరు ఇచ్చిన మాట సంగతి ఆమెకూ తెలుసు. ఉద్యోగం ఆశ చూపించి చెట్టెక్కించాడని విచారణలో చెబుతానన్నాను. ఆమె లేచి వీధి తలుపు మూసి వచ్చింది.

"ఆ మాట సెప్పకు బాబూ. మిగతాదేటైనా సెప్పు. తనకోసమే అప్పా ఎక్కినాడని పాపకి తెలిస్తే అది బతకదు. బతికినా ఆ పని సెయ్యదు. ఆ పనికోసమే కదా ఆయన పోయినాడు."

నేను ఆమెకు మాట ఇచ్చాను.

విచారణ గది చల్లగా ఉంది. అంతా ఇంగ్లీషులో జరిగింది. అత్త, కూతురు వెనక వరుసలో కూర్చున్నారు. నాకంటే ముందు మాట్లాడిన ఇద్దరు ముగ్గురూ పురుగు మీదకీ, మావయ్య హెల్మెట్ పట్టీ మీదకీ తోశారు. వినగా వినగా, హెల్మెట్ పెట్టుకోని కొత్త పనివాడెవరి గురించో మాట్లాడుతున్నట్టు అనిపించింది. అధికారి నన్ను అడిగాడు, కొమ్మ విరగడానికి కారణం ఈ కీటకమేనా అని.

నేను చెప్పాను. ఈ పురుగు ఆరోగ్యంగా ఉన్న చెట్టు జోలికి రాదు. చావడం మొదలుపెట్టిన చెట్టు దగ్గరకే వస్తుంది. ఆ చెట్టు చావడం పురుగుతో మొదలవలేదు, తొందరపడి వేళ్ళు నరికిన రోజున మొదలైంది. పురుగు వచ్చాక చెట్టు లోపల ఎలా ఉందో బయటకు తెలియదు, అందుకే ఎవరినీ ఎక్కించవద్దని ముందు రోజు చెప్పాను.

"ఎవరికి చెప్పారు?"

ఇద్దరినీ చూపించాను. మేనేజరు లేచి, చెట్ల గురించి ఏదో మాట్లాడుకున్న మాట నిజమే గానీ ఎక్కకూడదన్న సంగతి తనకు గుర్తులేదన్నాడు. తర్వాత తౌకేను అడిగారు. ఆ పిరికి మనిషి నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇక అయిపోయిందనుకున్నాను. "హీ టోల్డ్ అస్. బోత్ ఆఫ్ అస్. ఐ హర్డ్" అన్నాడు మెల్లగా.

నిజం చెప్పాం కనుక న్యాయం జరిగిందని చెప్పగలిగితే బాగుండేది. పనివాడి భద్రత కాంట్రాక్టరు బాధ్యత అని తేల్చారు. ఆ తర్వాత నడిచిన కేసులో శిక్ష తౌకేకు పడింది. ఏడాది తిరగకుండా ఆయన కంపెనీ మూసేశాడు. మేనేజరుకు ఏమీ కాలేదు. తర్వాత ఆయన్ని హైదరాబాదు పంపారు, ఇంకా పెద్ద క్యాంపస్ కట్టించడానికి. అక్కడ కూడా పెద్ద చెట్లే తెప్పించి నాటించాడని విన్నాను. ప్రారంభోత్సవం అనుకున్న ముహూర్తానికే జరిగింది. అప్పటికి ఆ వరుస మొత్తం కొట్టేసి తాటి జాతి చెట్లు పెట్టారు. బరువైన బండి గ్రానైటు మీదకు వచ్చింది. రాళ్ళు పగల్లేదు.

నా పాస్ పొడిగించేవాళ్ళు లేకపోయారు. పెట్టెలు సర్దుకుంటూ ఉండగా ఉత్తరాన ఒక నర్సరీ వాళ్ళు పిలిచి పని ఇచ్చారు. ఆ విచారణ గురించి వాళ్ళు విన్నారు. అందుకే పిలిచారో, అయినా పిలిచారో నేను అడగలేదు. ఆ పురుగు పేరు ప్రొఫెసర్ తర్వాత తేల్చి పంపాడు. అప్పటికి దాన్ని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

పిల్లలూ, మీరు వద్దన్న చెట్టు మీకు తెలియకుండా ఎవరైనా ఎక్కవచ్చు. ఎక్కించేవాడు చెడ్డవాడే కానక్కర్లేదు. ఆ చెట్టు కింద మీరు ఉన్నంతసేపూ మీ మాట చెల్లుతుంది. మిమ్మల్ని పేరు కనుక్కోమని దూరం పంపిస్తే మాత్రం, వెళ్ళే ముందు తాళ్ళున్న గది తాళంచెవి మీ జేబులో వేసుకుని వెళ్ళండి. ఆ తెలివి నాకు ఆ తర్వాత వచ్చింది.

రెండు మూడేళ్ళ తర్వాత నర్సరీ పని మీద అదే భవనానికి వెళ్ళాల్సి వచ్చింది. తాటి మొవ్వుల్లో పురుగు పడిందన్నారు. డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయి, ఆ ప్రాంతమంతా కొంచెం బోసిపోయి ఉంది. భోజనాల వేళ నిచ్చెన దగ్గర నిలబడి ఉంటే, మెడలో కార్డు వేసుకున్న ఒకమ్మాయి దగ్గరకు వచ్చి ఆగింది. ముఖంలో మావయ్య పోలికే. నాకు గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అంకుల్, మీరు అప్పాతో పనిచేసినవాళ్ళు కదా? ఎంక్వయిరీలో మాట్లాడారు."

అవునన్నాను. అమ్మ బాగుందా అంటే, మోకాళ్ళ నొప్పులంది. టెస్టింగ్ టీములో చేస్తున్నానంది. తనతో చేరినవాళ్ళలో సగం మందిని తీసేశారట, తనను ఉంచారట. తెలుగు ఆగి ఆగి వస్తోంది, మధ్యలో ఇంగ్లీషులోకి జారుతోంది. ఆ తాటిచెట్ల వైపు చూసి అడిగింది.

"అంకుల్, ఒకటి అడగనా? అప్పా ఇంట్లో ఎప్పుడూ చెప్పేవాడు, తమ్ముడు నో అంటే నేను ఎక్కను అని. ఆల్వేస్ సే లైక్ దట్ లా. మరి ఆ రోజు ఎందుకు ఎక్కాడు? అమ్మని అడిగితే ఏడుస్తుంది. మీకు తెలుసా?"

ఆమె మెడలోని కార్డు మీద ఫొటో ఉంది, కింద ఆ కంపెనీ గుర్తు ఉంది. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

"నేను ఆ రోజు అక్కడ లేనమ్మా" అన్నాను.

అది నిజమే. ఆమె తల ఊపి, టైమ్ అయిపోతోందంటూ అద్దాల తలుపు వైపు వెళ్ళిపోయింది.